రెండో యజమాని కోసం ఒక స్లాట్

2012 జూన్ 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన డెవలపర్ల వార్షిక సమావేశంలో ఆపిల్ సంస్థ పదిహేను అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలు రెండు బయటపెట్టింది. కంపెనీ ఒకటే, పేరు ఒకటే, రోజు ఒకటే. ప్రారంభ మోడళ్లలో ప్రాసెసర్ కూడా ఒకటే: నాలుగు కోర్ల ఇంటెల్ కోర్ ఐ7, వేగం 2.3 గిగాహెర్ట్జ్. గ్రాఫిక్స్ చిప్ రెండింటిలోనూ ఎన్‌విడియా జీటీ 650ఎం. ర్యామ్ కూడా రెండింటిలోనూ 1600 మెగాహెర్ట్జ్ డీడీఆర్3 కుటుంబానిదే. అయితే ఒకదాంట్లో, పాత రూపంలోనే వచ్చిన లావుపాటి దాంట్లో, ఆ ర్యామ్ స్లాట్‌లో కూర్చుని ఉంటుంది, పట్టుకుని లాగితే వస్తుంది. రెండోదాంట్లో, అంటే రెటీనా తెరతో కొత్తగా వచ్చిన పలచటి దాంట్లో, టంకం వేసి మదర్‌బోర్డుకు అతికించేశారు.

‘సిస్టమ్ స్లో అయింది, ర్యామ్ వేయిస్తే సరిపోతుంది’ అన్న మాట కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినబడే ఉంటుంది. దాన్ని మనం షాపువాళ్ల పనిగా చూస్తాం. తయారుచేసినవాడు కొన్నవాడికి ఎంత స్వేచ్ఛ మిగిల్చాడన్న ప్రశ్నగా చూడం. అలా చూడాలంటే రెండు యంత్రాల్ని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక థింక్‌ప్యాడ్‌నూ ఒక మ్యాక్‌బుక్‌నూ పోలిస్తే కంపెనీలు వేరు, ధరలు వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. అన్ని తేడాల మధ్య అసలు విషయం జారిపోతుంది. ఈ రెండింటి విషయంలో ఆ ఇబ్బంది లేదు. ఒకే చేతులు, ఒకే మెదడుతో, ఒకే సంవత్సరంలో చేసిన రెండు వేర్వేరు నిర్ణయాలివి. అందుకే ఈ జంటను ఎంచుకున్నాను.

ముందుగా కొత్తదానికి దక్కాల్సిన మర్యాద దక్కాలి. రెటీనా మోడల్ ఆ రోజు వేదికను ఏలింది, ఏలడానికి అర్హత ఉంది. 2880 × 1800 పిక్సెళ్ల తెర అప్పటికి ఏ ల్యాప్‌టాప్‌లోనూ లేదు. పాత మోడల్ మామూలు తెరలో ఉన్నవి 1440 × 900 మాత్రమే. అంటే కొత్త తెరలో నాలుగు రెట్ల చుక్కలు. అక్షరాలు అచ్చు కాగితం మీదున్నట్టు కనబడేవి. తెలుగు చదివేవాళ్లకు ఆ తేడా మరీ ఎక్కువ. మన ఒత్తులు, గుడులు, సుడులు మామూలు తెర మీద చిన్న సైజులో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, రెటీనా మీద దేనికది విడిగా నిలబడుతుంది. మందం 1.8 సెంటీమీటర్లు, పాతదాని మందం 2.4. బరువులో దాదాపు అరకిలో తగ్గింది. హార్డ్ డిస్క్ తిరిగే చప్పుడు లేదు, దాని స్థానంలో ఎస్ఎస్‌డీ. పెట్టె తెరిచిన మొదటి రోజున ఏ పరీక్ష పెట్టినా కొత్తదే నెగ్గుతుంది. ఆ రోజున పాతదాన్ని కొన్నవాణ్ణి అమాయకుడనుకున్నవాళ్లే ఎక్కువ ఉండి ఉంటారు.

ఇప్పుడు రెండింటినీ బోర్లించండి.

పాత మోడల్ అడుగున పది స్క్రూలుంటాయి, అన్నీ మామూలు ఫిలిప్స్ తలవి. కళ్లజోళ్లు బాగుచేసేవాళ్ల దగ్గరుండే చిన్న స్క్రూడ్రైవర్ చాలు. వాటిలో మూడు పొడవైనవి, ఏడు పొట్టివి. తీసేటప్పుడే ఏది ఎక్కడిదో అదే వరసలో కాగితం మీద పెట్టుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తడబాటు ఉండదు. మూత లేపగానే మధ్యలో, ఎవరూ వెతకనక్కర్లేకుండా, ఒకదాని మీద ఒకటిగా రెండు ర్యామ్ స్టిక్కులు కనబడతాయి. అరచేతిలో పట్టే పచ్చటి పలకలు, ఒక్కోటి 67.6 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు, అంచున 204 పిన్నులు. రెండు పక్కలా ఉన్న చిన్న కొక్కేల్ని వేళ్లతో బయటికి నెడితే స్టిక్ తనంతట తానే ఏటవాలుగా పైకి లేస్తుంది. కొత్తదాన్ని అదే వాలులో పెట్టి, బంగారు పూత గీతలు దాదాపు కనబడకుండా పోయేదాకా తోసి, కిందికి నొక్కితే టక్కుమంటుంది. అంతే. ముందు కంప్యూటర్ ఆపాలి, ఛార్జర్ తీసేయాలి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి ఏదైనా లోహాన్ని ఓసారి ముట్టుకోవాలి. జాగ్రత్తలన్నా అవే, విద్య అన్నా అదే. ఇదంతా బొమ్మలతో సహా ఆపిల్ సంస్థే తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది. ‘ఈ పని మీరు చేసుకోవచ్చు’ అని తయారుచేసినవాడే చెప్పడం చిన్న విషయం కాదు.

రెటీనా అడుగున ఉన్న స్క్రూలకు అయిదు రేకుల పువ్వు లాంటి తల ఉంటుంది. దానికి సరిపడే స్క్రూడ్రైవర్ మామూలు ఇనుప సామాన్ల కొట్లో దొరకదు. ఏదోలా సంపాదించి మూత తీస్తే లోపల అందంగానే ఉంటుంది. నల్లటి బోర్డు, రెండు ఫ్యాన్లు, మిగతా చోటంతా బ్యాటరీ. ఆ బ్యాటరీని జిగురుతో ఒంటికి అతికించారు. ర్యామ్ కోసం వెతికితే స్లాట్ ఉండదు, బోర్డు మీద వరసగా అతికిన నల్లటి చిప్‌లుంటాయి. విడిగా తీయగలిగిన ముఖ్యమైన భాగమంటూ ఏదైనా ఉందంటే అది ఎస్ఎస్‌డీ కార్డు, దాని కనెక్టర్ కూడా ఆపిల్ సొంతదే. ఐఫిక్సిట్ సంస్థ దీన్ని విప్పి చూసి, రిపేరు సౌలభ్యానికి పదికి ఒక మార్కు వేసింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన కైల్ వీన్స్ అదే నెలలో వైర్డ్ పత్రికలో రాసిన వ్యాసం పెద్ద చర్చకు దారితీసింది. కొనేవాళ్లు పలచదనానికి ఓటేసిన కొద్దీ కంపెనీలు మూతలు మూసేస్తూ పోతాయన్నది ఆయన ఆవేదన. తర్వాతి పదేళ్ల ల్యాప్‌టాప్‌ల చరిత్ర ఆయన భయపడ్డట్టే నడిచింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. రెటీనాలో మొదటి నుంచే 8 జీబీ ఇచ్చారు. పాత మోడల్ ప్రారంభ ధర 1,799 డాలర్లు, దాంట్లో ఉన్నది 4 జీబీయే. రెటీనా 2,199 డాలర్లు. కొనేటప్పుడే మరో 200 డాలర్లిస్తే 16 జీబీ పెట్టి ఇచ్చేవారు. పాతదాంట్లో మాత్రం ఎంత పట్టింది? ఆపిల్ అధికారికంగా చెప్పింది 8 జీబీ. రెండు 8 జీబీ స్టిక్కులు వేస్తే 16 కూడా నిక్షేపంగా నడిచేది, ఇది వాడుకదార్లు వేసి చూసి తేల్చుకున్న సంగతి. అంతకు మించి ఎక్కదు. ఆ తరం ఇంటెల్ మెమరీ కంట్రోలర్ 16 జీబీ స్టిక్కును గుర్తుపట్టలేదు. అంటే రెండు యంత్రాల గరిష్ఠ పరిమితీ ఒకటే. మరి గొడవేమిటి?

గొడవ ఎంత అన్నదాని గురించి కాదు, ఎప్పుడు అన్నదాని గురించి. రెటీనా కొనేవాడు కౌంటరు దగ్గర నిలబడి రాబోయే ఏడెనిమిదేళ్ల తన అవసరాన్ని ఊహించి చెప్పాలి. అప్పుడతనికి ఆ యంత్రం గురించి ఏమీ తెలియదు. రేపు తను వీడియోలు ఎడిట్ చేస్తాడో, ఉత్తరాలు మాత్రమే రాసుకుంటాడో తెలియదు. బ్రౌజర్లు ఎంత బరువెక్కుతాయో ఎవరికీ తెలియదు. అసలు ధర కట్టీ కట్టగానే జేబు ఖాళీ అయిన క్షణం అది. సమాచారం అతి తక్కువగా, ఖర్చు అతి ఎక్కువగా ఉన్న రోజున, ఇక మార్చడానికి వీల్లేని నిర్ణయం తీసుకోమని యంత్రం అడుగుతుంది. స్లాట్ ఉన్న యంత్రం అలా అడగదు. ఇవాళ్టికి నాలుగు చాలు, తీసుకెళ్లు, చాలకపోయిన రోజున చూసుకుందాం అంటుంది. ఆ రోజు వచ్చేసరికి అవసరమేమిటో తెలుస్తుంది, బయటి మార్కెట్లో ర్యామ్ ధర కూడా కంపెనీ అడిగిన 200 డాలర్ల కంటే చాలా కిందికి దిగి ఉంటుంది.

పదమూడు అంగుళాల జంట దగ్గరికొస్తే ఈ అన్యాయం ఇంకా బాహాటంగా కనబడుతుంది. పదమూడు అంగుళాల రెటీనా అదే ఏడాది అక్టోబరులో వచ్చింది, ధర 1,699 డాలర్లు. దాంట్లో 8 జీబీయే, అంతే. డబ్బు ఎక్కువిస్తామన్నా 16 ఇచ్చేవారు కాదు. ఆ అవకాశం మరుసటి ఏడాది చివర్లో వచ్చిన మోడల్‌తో గానీ రాలేదు. అదే షాపులో, అదే బల్ల మీద, 1,199 డాలర్లకు అమ్మే మామూలు పదమూడు అంగుళాల మోడల్‌లో మాత్రం కొన్నవాడు తన చేత్తో 16 జీబీ వేసుకోవచ్చు. అయిదొందల డాలర్లు ఎక్కువ పెట్టినవాడికి ఎదిగే దారి మూసుకుపోయింది, తక్కువ పెట్టినవాడికి తెరిచే ఉంది. ఆ తక్కువ ధర మోడల్‌ను ఆపిల్ 2016 అక్టోబరు దాకా అమ్ముతూనే ఉంది. హార్డ్ డిస్కు, డీవీడీ డ్రైవు, అన్నీ పాతబడిపోయిన వస్తువులే ఉన్న ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లకు పైగా జనం కొన్నారంటే ధర ఒక్కటే కారణమని నేననుకోను. తెరుచుకునే మూత కూడా కారణమే.

కరోనా రోజుల్లో క్లాసులన్నీ ఆన్‌లైన్‌కు మారినప్పుడు, వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలి కోసం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూడ్డానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. ఆ కాంప్లెక్సు గురించి హైదరాబాదు వాళ్లకు చెప్పనక్కర్లేదు, కంప్యూటర్ విడిభాగాలకు పెట్టింది పేరు. ఒక షాపులో పదమూడు అంగుళాలవే రెండూ ఉన్నాయి. పిల్ల చూపు సహజంగానే పలచటి దాని మీద పడింది.

“మామయ్యా, తెర చూడు, ఎంత బాగుందో! ఇదే తీసుకుందాం.”

షాపతను రెంటినీ తిప్పి పెట్టాడు. “చూడ్డానికి అదే బాగుంటది సార్. కానీ దాంట్లో ఎనిమిదే, ఇగ పెరగదు. ఇది ఇప్పుడు నాలుగే ఉంది, రేపు అమ్మాయి చేతిల పైసలు పడ్డప్పుడు పదహారు చేస్కోవచ్చు. ఇష్టం మీది.”

అతను ఒక్క ముక్కలో చెప్పిన దానికంటే మంచి తులనాత్మక విమర్శ ఈ రెండు యంత్రాల మీద నేను ఎక్కడా చదవలేదు. లావుదే తీసుకున్నాం. మొదట పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించాం. కొన్నాళ్లకు స్టైపెండ్ వచ్చాక రెండు 8 జీబీ స్టిక్కులు తనే కొనుక్కుంది. హాస్టల్ గదిలో ఫోను నిలబెట్టుకుని, వీడియో కాల్‌లో నేను చూస్తుండగా, పది స్క్రూలూ తనే విప్పి తనే బిగించింది. స్క్రీన్ వెలిగి ‘16 జీబీ’ అని కనబడినప్పుడు ఆ ముఖంలో వచ్చిన ధైర్యం ఒక వస్తువు కొన్నప్పుడు వచ్చేది కాదు. తను వాడే యంత్రం లోపల ఏముందో చూసింది, దాన్ని మార్చగలనని తెలుసుకుంది. చదువుకునే పిల్లలకు కంప్యూటర్ ఇవ్వగలిగే పాఠాల్లో ఇది మొదటిదై ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తెలుగు ఇళ్లలో చాలామంది మొదటి కంప్యూటర్ ఇంకెవరిదో పాత కంప్యూటర్. అమెరికాలో ఉన్న అన్నయ్య కొత్తది కొనుక్కుని పాతది సూట్‌కేసులో పెట్టి పంపిస్తాడు. బెంగళూరు కంపెనీ తన లీజు ల్యాప్‌టాప్‌లను గుత్తగా అమ్మేస్తే అవి జిల్లా కేంద్రాల షాపుల్లో తేలతాయి. మొదటి యజమాని తన అవసరానికి తగినట్టు కొన్నాడు, న్యాయమే. కానీ రెండో యజమాని అవసరం అతనికెలా తెలుస్తుంది? కౌంటరు దగ్గర ఆ రెండో మనిషి లేడు, అతని తరఫున మాట్లాడేవాడూ లేడు. స్లాట్ అనేది ఆ లేని మనిషి కోసం వదిలిన చోటు. టంకం వేసిన బోర్డు మొదటి యజమాని జేబును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. అన్నయ్య 2012లో 200 డాలర్లు మిగుల్చుకుంటే, 2020లో తమ్ముడు 8 జీబీతోనే సర్దుకోవాలి.

ర్యామ్ తక్కువైతే అసలేం జరుగుతుందో చూస్తే ఈ సర్దుకోవడం ఎంత బరువో అర్థమవుతుంది. తెరిచిన ప్రోగ్రాములన్నిటికీ ర్యామ్‌లో చోటు చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సమాచారాన్ని తీసి డిస్కు మీద పెడుతుంది, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. దీన్నే స్వాపింగ్ అంటారు. పాత మోడల్ తిరిగే హార్డ్ డిస్కు మీద ఇది నరకం, ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు పోవడానికి గుండ్రటి రంగుల చక్రం చూస్తూ కూర్చోవాలి. రెటీనా ఎస్ఎస్‌డీ మీద అంత బాధ తెలియదు. తెలియకుండానే జరుగుతుంటుంది, ఆ రాతలన్నీ ఎస్ఎస్‌డీ ఆయుష్షులోంచి పోతుంటాయి. 2013 అక్టోబరులో వచ్చిన మావరిక్స్ సిస్టమ్ కొంత మేలు చేసింది. వాడకంలో లేని మెమరీని డిస్కుకు పంపే ముందు అక్కడే కుదించి పెట్టడం మొదలుపెట్టింది. అదీ ఉచితంగా. పాత 4 జీబీ యంత్రాలు దాంతో ఊపిరి పీల్చుకున్నాయి. సాఫ్ట్‌వేర్‌తో చేయగలిగిన మంచి పనుల్లో దాన్ని ముందు వరసలో పెడతాను. కుదింపుకూ హద్దుంది, ఆ హద్దు దాటాక స్లాట్ ఉన్నవాడికి దారుంది, లేనివాడికి లేదు.

చెడిపోయినప్పుడు చూడాలి అసలు తేడా. ర్యామ్ పాడైన మ్యాక్ ఆన్ చేస్తే మూడు బీప్‌లు కొడుతుంది, కాస్త ఆగి మళ్లీ మూడు. పాత మోడల్‌లో అయితే ఒక స్టిక్ తీసి చూస్తాం, బీప్ ఆగకపోతే దాన్ని పెట్టి రెండోది తీస్తాం. పాడైనదేదో అక్కడే తేలిపోతుంది, దాని ఒక్కదాని ధర పెట్టుకుంటే చాలు. రెటీనాలో అదే బీప్ వినబడితే అధికారిక సేవా కేంద్రం చెప్పేది ఒకటే మాట, బోర్డు మొత్తం మార్చాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్, ర్యామ్ ఒకే పలక మీద ఉన్నాక ఒకరి జబ్బు అందరిదీ అవుతుంది. ఇది ఊహ కాదు. 2015 ఫిబ్రవరిలో ఆపిల్ వీడియో లోపాల మీద ఉచిత రిపేరు పథకం ప్రకటించినప్పుడు 2011 నాటి కొన్ని మోడళ్లతో పాటు 2012 రెటీనా పేరూ ఆ జాబితాలో ఉంది. గ్రాఫిక్స్ చెడిన బోర్డు పోతే దాంతోపాటు బాగున్న ర్యామ్ కూడా పోతుంది. అతికిన చిప్‌లను వేడిగాలితో ఊడదీసి పెద్దవి వేయగల నిపుణులు ఉన్నారు. చిప్‌లు మారిస్తే సరిపోదు, ఎంత మెమరీ ఉందో బోర్డుకు చెప్పే చిన్న రెసిస్టర్లను కూడా మార్చాలి. అది గొప్ప నైపుణ్యం, కానీ ఇంట్లో చేసే పని కాదు.

మరి టంకం వేయడానికి సాంకేతిక కారణమే లేదా? ఈ ప్రశ్నకు కాలాన్ని బట్టి జవాబు మారుతుంది, విమర్శకుడు ఇక్కడ తొందరపడకూడదు. 2020 నవంబరులో వచ్చిన ఆపిల్ ఎం1 ప్రాసెసర్ యంత్రాల్లో ర్యామ్ ఆ ప్రాసెసర్ పక్కనే, అదే ప్యాకేజీలో కూర్చుంది. 2021 నాటి ఎం1 మ్యాక్స్ సెకనుకు 400 గిగాబైట్ల దాకా మెమరీ నుంచి తెచ్చుకోగలదు. స్లాట్లలో పెట్టే ఆనాటి ర్యామ్‌తో ల్యాప్‌టాప్‌లో అది సాధ్యం కాదు, తీగ పొడుగయ్యే కొద్దీ అంత వేగంలో సంకేతం చెదిరిపోతుంది. అక్కడ టంకానికి ప్రతిఫలం ఉంది. 2012లో ఏముంది? రెండు యంత్రాలూ అదే 1600 వేగం, అదే రెండు ఛానళ్లు, సెకనుకు అదే 25.6 గిగాబైట్ల గరిష్ఠ పరిమితి. టంకం వేసినందుకు రెటీనా ఒక్క గిగాబైటు కూడా వేగంగా లేదు. అది వాడిన 1.35 వోల్టుల తక్కువ కరెంటు ర్యామ్ స్టిక్కుల రూపంలో కూడా దొరికేదే. మిగిలింది కొన్ని మిల్లీమీటర్ల పలచదనం, కాస్త పెద్ద బ్యాటరీకి చోటు. అంటే నిర్ణయం 2012లో జరిగింది, దాన్ని సమర్థించగల కారణం ఎనిమిదేళ్ల తర్వాత వచ్చింది. తర్వాత వచ్చిన కారణాన్ని ముందటి నిర్ణయానికి అరువివ్వడాన్ని నేను ఒప్పుకోను.

అది అనివార్యం కాదనడానికి ఆపిల్ ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మ్యాక్ మినీ అనే చిన్న డెస్క్‌టాప్ 2012 మోడల్‌లో అడుగు మూత చేత్తో తిప్పితే ర్యామ్ కనబడేది. 2014 మోడల్‌లో టంకం వేశారు. 2018 మోడల్‌లో మళ్లీ స్లాట్లు పెట్టారు, 64 జీబీ దాకా! సాంకేతికత అడిగినందుకే 2014లో మూసి ఉంటే, 2018లో తెరవడం ఎలా కుదిరింది? అయితే ఇది ఒక్క కంపెనీ నేరం కూడా కాదు. లెనోవో అదే 2012లో తెచ్చిన మొదటి ఎక్స్1 కార్బన్‌లోనూ ర్యామ్ బోర్డుకు అతికే ఉంది. ఆ కంపెనీయే మరుసటి ఏడాది టీ440ఎస్‌లో కొంత ర్యామ్ అతికించి, ఒక స్లాట్ ఖాళీగా వదిలింది. పలచగా ఉండాలి, పెరగడానికీ వీలుండాలి అనుకున్నవాళ్లకు మధ్యే మార్గం ఉందని ఆ ఒక్క స్లాట్ చెబుతుంది.

రెటీనా వచ్చిన 2012 వేసవిలోనే మరో ఘటన జరిగింది. పర్యావరణహితమైన ఎలక్ట్రానిక్స్‌కు గుర్తింపునిచ్చే ఎపీట్ జాబితా నుంచి ఆపిల్ తన ఉత్పత్తులను వెనక్కి తీసుకుంది. మామూలు పనిముట్లతో విప్పగలిగి ఉండాలన్నది ఆ ప్రమాణాల్లో ఒకటి. ఆ గుర్తు లేని కంప్యూటర్లు ఇక కొనబోమని శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులే అన్నారు. జులై 13న ఆపిల్ హార్డ్‌వేర్ విభాగాధిపతి బాబ్ మాన్స్‌ఫీల్డ్ అది పొరపాటేనని బహిరంగ లేఖ రాసి, ఉత్పత్తుల్ని మళ్లీ జాబితాలో చేర్చారు. ఇక్కడిదాకా సంతోషమే. కానీ చివరికి రెటీనాకు కూడా అదే జాబితాలో బంగారు గుర్తింపు వచ్చింది. స్లాట్ లేని, బ్యాటరీ జిగురుతో అతికిన యంత్రానికీ, పది ఫిలిప్స్ స్క్రూలతో తెరుచుకునే యంత్రానికీ ఒకే ముద్ర పడింది. ఆ రెండింటి మధ్య తేడా చూపలేని కొలబద్ద కొనేవాడికి ఏం సాయం చేస్తుంది? మన దేశంలో 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. రిపేరు వివరాలన్నీ ఒకచోట దొరకడం మంచిదే. అయితే తెరవడానికే వీల్లేకుండా చేసిన వస్తువుకు వివరాలిచ్చి లాభమేమిటన్న ప్రశ్న అక్కడా మిగిలే ఉంది.

స్లాట్ ఉంటే చాలు, పాత యంత్రం కొత్తదైపోతుందని చెబితే అది అబద్ధమవుతుంది. 2012 నాటి ఈ రెండు యంత్రాలకూ ఆపిల్ అధికారికంగా ఇచ్చిన చివరి సిస్టమ్ 2019 నాటి క్యాటలీనాయే. 16 జీబీ వేసినవాడికీ, 8 దగ్గర ఆగినవాడికీ ఒకేసారి తలుపు మూసుకుంది. ఆ తర్వాతి బతుకు లినక్స్‌తోనో, వాడుకదార్లు తయారుచేసుకున్న ప్యాచ్‌లతోనో సాగాలి. పదమూడు అంగుళాల పాత మోడల్‌లో హార్డ్ డిస్కు రిబ్బన్ కేబుల్ పాడవడం రిపేరు షాపులన్నిటికీ తెలిసిన జబ్బు. పైగా ర్యామ్ చాలకపోవడం వల్ల కాక డిస్కు నెమ్మది వల్ల మొరాయిస్తున్న యంత్రానికి ఎంత ర్యామ్ వేసినా డబ్బు దండగే. యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ గీత పచ్చగా ఉంటే ర్యామ్ జోలికి పోకండి, ముందు ఎస్ఎస్‌డీ వేయండి. అది పసుపూ ఎరుపూ అవుతూ, స్వాప్ అంకె పెరుగుతూ ఉంటేనే స్టిక్కులు కొనండి. కొనేటప్పుడు రెండూ ఒకే సైజువి తీసుకుంటే రెండు ఛానళ్లూ పూర్తిగా పనిచేస్తాయి. ఇన్ని పరిమితులున్నా నా తీర్పు మారదు. ఆ పరిమితులన్నీ తయారీదారు పెట్టినవో, కాలం తెచ్చినవో. వాటి మధ్య ఒక్క నిర్ణయమైనా వాడేవాడి చేతిలో ఉండనిచ్చింది లావుపాటి మోడలే.

ఇప్పుడు వేగం, స్లాట్ రెండూ కావాలన్న ప్రయత్నం మళ్లీ మొదలైంది. తక్కువ కరెంటుతో నడిచే వేగవంతమైన ర్యామ్‌ను స్క్రూలతో బోర్డుకు బిగించే ఎల్‌పీక్యామ్2 ప్రమాణం 2023 చివర్లో ఖరారైంది, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో దాన్ని వాడింది. భాగాలు మార్చుకోగలిగేలా చేస్తుందన్న పేరున్న ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2025లో తన డెస్క్‌టాప్‌లో ర్యామ్‌ను బోర్డుకు అతికించాల్సి వచ్చినప్పుడు, ఏఎండీ ఇంజినీర్లతో కలిసి తీసే పద్ధతికి ప్రయత్నించామనీ, ఆ ప్రాసెసర్‌తో సంకేతం నిలబడలేదనీ కారణంతో సహా బయటపెట్టింది. అతికించడం నాకు నచ్చలేదు, కారణం చెప్పిన పద్ధతి నచ్చింది. 2012లో రెటీనా కొన్నవాళ్లకు ఆ పాటి వివరణ కూడా దక్కలేదు.

ఇంకా ఈ 2012 మోడళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి కాబట్టి, కొనబోయేవాళ్లు డబ్బిచ్చే ముందు యంత్రాన్ని బోర్లించి అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న మోడల్ నంబరు చూడండి. ఏ1278 గానీ ఏ1286 గానీ అయితే లోపల రెండు స్లాట్లున్నాయి. అయితే ఆ నంబర్లు 2008 చివరి నుంచీ వాడుతున్నవే, కాబట్టి అది 2012దేనని సిస్టమ్ సమాచారంలో కూడా సరిచూసుకోవాలి, అక్కడ మ్యాక్‌బుక్‌ప్రో9,1 లేదా 9,2 అని ఉండాలి. ఏ1425 అయితే పదమూడు అంగుళాల రెటీనా, 8 జీబీ దగ్గరే దాని కథ ముగుస్తుంది. ఏ1398 పదిహేను అంగుళాల రెటీనా. దాంట్లో ముందే 16 జీబీ ఉంటే నిస్సంకోచంగా తీసుకోండి, ఆ తెర ఇవాళ్టికీ కళ్లకు హాయిగా ఉంటుంది. 8 మాత్రమే ఉంటే, ధర ఎంత ఊరించినా దాన్ని పక్కనపెట్టి ఏ1286 ఉందేమో అడగండి.